తెల్లబెల్లాన్ని నమ్మని టీచరు

చోడవరం బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపులో నిన్న కాగితాల కట్ట చేతిలోకి తీసుకున్నాను. అప్పుడే మిషన్లోంచి వచ్చిన కట్ట, పెనం మీంచి తీసిన అట్టులా వెచ్చగా ఉంది. ఆ మసి వాసన ముక్కుకి తగలగానే నా వేళ్ళు వాటంతటవే కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాయి. వెనక పేజీ తలకిందులుగా పడిందేమో, చివరి ప్రశ్న అంచు దగ్గర తెగిపోయిందేమో, మధ్యలో ఎక్కడైనా ఉత్త తెల్లకాగితం దూరిందేమో! షాపతను నా వాలకం చూసి నవ్వాడు. "ఏటండి మేడమ్, మా మీద నమ్మకం లేదేటి?" అన్నాడు. "లేదు" అన్నాను. నేను సరదాకి అన్నాననుకుని అతను మళ్ళీ నవ్వాడు.

ఈ గుణం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. కె.కోటపాడులో మా ఇంట్లో అందరూ నమ్మేసే రకం. పాలల్లో నీళ్ళు తేలుతున్నా "పాపం, వానాకాలం కదా" అని పాలవాణ్ణి వెనకేసుకొచ్చే మనిషి మా అమ్మ. ఆ ఇంట్లో పుట్టిన నాకు ఈ అనుమానపు బుద్ధి అంటించింది ఎస్తేరమ్మ టీచరు. మీరెవరూ ఆవిణ్ణి చూసి ఉండరు. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. చోడవరంలో చర్చి వెనక సందులో, ముందు వరండా ఉన్న చిన్న ఇల్లు. గంజిపెట్టిన నూలు చీర, భుజానికి గుడ్డసంచి. ఎవరేం చెప్పినా ముందు కళ్ళద్దాలు పైకి తోసుకుని ఆ మనిషిని ఒకసారి పరకాయించి చూసేది. ఆ చూపు పడ్డవాడు నిజమే చెబుతున్నా సరే, ఒక క్షణం తడబడేవాడు.

లాక్‌డౌన్ క్లాసుల పేరుతో పిల్లల చేతుల్లోకి ఫోన్లు వచ్చి, క్లాసులు అయిపోయాక కూడా ఆ చేతుల్లోంచి పోని రోజులవి. విశాఖపట్నంలో ఒక ప్రొఫెసరుగారు, టీనేజి పిల్లల్ని ఫోను ఎంతవరకు పట్టుకుందో కొలవాలని పని మొదలుపెట్టారు. మా వైపు స్కూళ్ళూ కాలేజీలూ తిరగడానికి ఎస్తేరమ్మ టీచర్ని పెట్టుకున్నారు. ఎమ్మే సైకాలజీ అప్పుడే అయిన నేను ఆవిడకి సహాయం. కాగితం మీద కొన్ని వాక్యాలుంటాయి. "ఫోను దగ్గర లేకపోతే నాకు చిరాకుగా ఉంటుంది" లాంటివి. ఎదురుగా "ఎప్పుడూ లేదు" దగ్గర్నుంచి "ఎల్లప్పుడూ" దాకా గళ్ళు. పిల్లలు టిక్కు పెడతారు, మేం మార్కులు కూడతాం. కూడిక ఒక హద్దు దాటితే ఆ పిల్లవాడి ఫోను వాడకం "సమస్యాత్మకం" అని రాయాలి. ఆ మాట ఆవిడకి బొత్తిగా గిట్టేది కాదు. "సమస్యాత్మకం అట! పోలింగ్ బూతుకి అంటారే ఆ మాట, పిల్లలకి అంటారేటి?" అనేది.

మొదటిసారి ఆవిడ ఇంటికి వెళ్ళిన రోజు బాగా గుర్తుంది. వరండాలో కూర్చోబెట్టి, "నీకు ఫోను అలవాటు ఏమాత్రం?" అని అడిగింది. "అవసరానికి తప్ప ముట్టుకోనండి" అన్నాను. అదేదో పెళ్ళిచూపుల్లో వంట వచ్చా అంటే వచ్చు అన్నట్టు, తడుముకోకుండా అనేశాను. "అలాగా! ఏదీ, ఇలా ఇయ్యి" అని నా ఫోను తీసుకుని ఖాళీ కేరేజీ గిన్నెలో పెట్టి మూత పెట్టేసింది. ఇక మా ఊరి సంగతులు మొదలెట్టింది. చెరుకు వేశారా, వరా, నీళ్ళెక్కణ్ణుంచి అంటూ. ఇంతలో గిన్నెలో ఫోను గిరగిరమంది. ఆవిడ విననట్టే మాట్లాడుతోంది. మళ్ళీ గిరగిరమంది. "మీ నాన్న పేరేటన్నావు?" అంది. "ఆఁ?" అన్నాను.

ఆవిడ పకపకా నవ్వి మూత తీసి ఫోను నా చేతిలో పెట్టింది. "సూసేవా గుంటా! కన్నతండ్రి పేరడిగితే ఆఁ అన్నావు. ఇందాకటి నీ జవాబు కన్నా ఈ 'ఆఁ'నే నమ్ముతాను నేను" అంది. నాకు మొహం కందగడ్డ అయిపోయింది. "నిన్ను అబద్ధాలకోరని అనట్లేదే. అడిగినోళ్ళకి నచ్చే జవాబు సెప్పేవు. అందరం అదే సేస్తాం. మరి రేపు ఆ పిల్లలు మాత్రం సెయ్యరేటి?" అంది. అంత చదువు చదివిన నాకు ఎవరూ ఇంత సూటిగా ఆ సంగతి చెప్పలేదు. అయినా ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ ఆవిణ్ణి లోలోపల బాగానే తిట్టుకున్నాను.

ఆవిడతో పనిచేయడం సుఖం కాదు. అబద్ధమెందుకు చెప్పాలి! నేను మాట్లాడి వచ్చిన పిల్లల్నే మళ్ళీ పిలిచి, నేనేం అడిగానో వాళ్ళని అడిగేది. ఒకసారి నాకు ఏడుపొచ్చేసింది. "నన్ను కూడా నమ్మరా?" అంటే, "నన్ను నేనే నమ్మను, నువ్వెంత?" అంది. వడ్డాది సంతలో బెల్లం కొన్న రోజు సంగతి ఇంకొకటి. బడి నుంచి తిరిగి వస్తూ ఆగాం. కొట్టతను పసుపు తిరిగిన తెల్లటి దిమ్మ ముందుకు తోసి, "పాలమీగడలాగ ఉంది సూడండమ్మా" అన్నాడు. "అదే బాబూ నా అనుమానం. చెరుకురసం కాగితే ఇంత తెలుపెక్కడిది? ఏ మందు కలిపేరు?" అని, మూలన గోనె కింద ఉన్న నల్లటి దిమ్మ తీయించి, గోటితో గీకి నాలుక మీద వేసుకుంది. దారిలో నాతో, "మచ్చ లేనిది కనబడితే మురిసిపోకే. ఎవులు తోమేరో ముందు సూడు" అంది.

ఆ అనుమానం ఎప్పుడూ గెలిచేదని కూడా అనుకోకండి. గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు బళ్ళు వరసకట్టే రోజుల్లో ఒక బడికి వెళ్ళాం. ముందు వరసలో ఒక పిల్లాడు మేం మాట్లాడుతున్నంతసేపూ ఆవులిస్తూనే ఉన్నాడు. టీచరు నా చెవిలో, "రాత్రంతా ఫోనులోనే ఉన్నాడు ఈ గుంటడు" అంది. వెళ్ళి అందరిముందూ అడిగేసింది కూడా. వాడు బిక్కచచ్చిపోయి చేతులు చూపించాడు. అరచేతుల నిండా చెరుకు ఆకు కోసిన గాట్లు. వాళ్ళ నాన్నతో తెల్లారకుండానే చెరుకు నరకడానికి వెళ్ళి వచ్చాడట. వాళ్ళింట్లో ఉన్న ఫోను బటన్ల ఫోనే. టీచరు ఆ చేతులు రెండూ పట్టుకుంది. "తప్పు నాదే బాబూ" అంది, క్లాసంతా వినేలాగ. అనుమానపడ్డంత గట్టిగా తప్పు ఒప్పుకునే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

ఇక ఆ కాలేజీ సంగతి. అసలు ఈ జ్ఞాపకం రాయడం మొదలుపెట్టిందే దాని కోసం. చోడవరం దగ్గర్లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. గోడల నిండా ర్యాంకుల ఫొటోలు. ప్రిన్సిపాల్ గారు మమ్మల్ని చూసి తెగ ఆనందపడిపోయారు. కాఫీ ఇప్పించారు. "మా పిల్లలు ఫోను ముట్టరండీ, మీకే టైం వేస్టు" అన్నారు. బయటికి రాగానే టీచరు, "కాఫీ బాగుంది గానీ, మనిషే మరీ తెల్లబెల్లంలాగున్నాడు" అంది.

ఆ కాలేజీలో పిల్లల్ని మార్కుల వరసలో కూర్చోబెడతారు. అందరికన్నా ఎక్కువ వచ్చిన పిల్ల ముందు బెంచీ, తక్కువ వచ్చేకొద్దీ వెనక్కి. ఎవరి చోటు ఏదో తలుపు పక్కన గోడకి అంటించి ఉంటుంది. టీచరు బోర్డు ముందు నిలబడి, "పేరు రాయకండి. నెంబరు రాయకండి. ఈ కాగితం మీ ప్రిన్సిపాల్ గారు చూడరు, మీ అమ్మానాన్నా చూడరు. నేను మాటిస్తున్నాను" అంది. మధ్యలో ఒక కుర్రాడు లేచి, "రైట్ ఆన్సర్ ఏటండి దీనికి?" అన్నాడు. "దీనికి రైటూ రాంగూ ఉండవు బాబూ. నీకేది నిజమో అదే" అంది. అంతే, క్లాసంతా బిగుసుకుపోయింది. వారం వారం పరీక్ష రాసే పిల్లలు! సరైన జవాబు లేని ప్రశ్న కాగితం అంటే వాళ్ళ దృష్టిలో అదేదో ఉచ్చు. ఒక్కొక్క కన్నూ మెల్లగా ముందు బెంచీ పిల్ల పెన్ను మీదికి పాకింది.

కాగితాలు తీసుకునే పని నాది. బెంచీల వరసలోనే తీసి, ఆ వరసలోనే దారంతో కట్టాలి. కొన్నాళ్ళాగి అదే పిల్లల చేత మళ్ళీ రాయించి, మొదటిదానికీ రెండోదానికీ జత కలిపితేనే మా కొలత నికరమైనదో కాదో తేలుతుందని ప్రొఫెసరుగారు చెప్పారు. పేరు లేదు కాబట్టి బెంచీ వరసే మాకు ఆధారం. కిటికీ పక్కన కూర్చున్న ఒక అమ్మాయి దగ్గర కాగితం అందుకోబోతే, ఆ పిల్ల అంచు వదల్లేదు. "నిజంగా ఎవులూ సూడరు కదండి?" అంది. "చూడరు" అన్నాను. అప్పుడు వదిలింది.

మర్నాడు సాయంత్రం వరండాలో కట్ట విప్పాం. ముందు బెంచీ పిల్ల అన్నిటికీ "ఎప్పుడూ లేదు" అని పెట్టింది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం "అప్పుడప్పుడు" అని టిక్కు పెట్టి, భయమేసి కాబోలు, దాన్ని కొట్టేసి "ఎప్పుడూ లేదు"కి మార్చింది. దాని వెనక కాగితం తీశాం. అన్నీ "ఎప్పుడూ లేదు", అదే వాక్యం దగ్గర అదే కొట్టివేత. దాని వెనకదీ అంతే. ఆ వెనకదీ అంతే! టీచరు కళ్ళద్దాలు తీసి నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. "ఒసే, కొట్టివేత కూడా కాపీ కొట్టేరే! లెక్కల పరీక్షలో తప్పు స్టెప్పు ఎక్కించినట్టు ఎక్కించేసేరు!" అంది. నేనూ పొట్ట పట్టుకుని నవ్వాను.

నవ్వుతూనే ఇంకో కాగితం తీసింది, నవ్వు ఆగిపోయింది. అందులో టిక్కులన్నీ "ఎల్లప్పుడూ" దగ్గరే ఉన్నాయి. ఫోను ఎవరైనా లాక్కుంటే ఏడుపొస్తుంది, నిద్ర మానుకుని చూస్తాను, చదువు పాడవుతోందని తెలిసినా ఆపలేకపోతున్నాను. అన్నిటికీ ఔననే. పెన్ను ఎంత అదిమి పెట్టిందో, కాగితం వెనకవైపు టిక్కులు బొప్పికట్టాయి. టీచరు వాటి మీద వేలితో తడిమింది. "ఇదొక్కటే నల్లబెల్లం. ఇది జవాబు కాదే, సాయం అడుగుతంది" అంది. ఏ బెంచీ కాగితమో చూడొద్దని నాతో గట్టిగా చెప్పి, కట్ట మళ్ళీ వరసగా కట్టేసింది. నేను చూడక్కర్లేదు. కాగితం అంచు వదలని కిటికీ పక్క అమ్మాయి చెయ్యి నాకు గుర్తుంది.

తర్వాత జరిగింది మా చేతిలో లేదు. మేం పంపిన మార్కులు చూసుకుని ప్రొఫెసరుగారు, రెండోసారి రాయించడానికి అనుమతి అడుగుతూ ప్రిన్సిపాల్‌కి ఫోను చేసి, మెచ్చుకోలుగా, "మీ కాలేజీ చాలా బాగుందండీ, ఒక్కరు తప్ప" అన్నారట. ఆయన ఉద్దేశం మంచిదే. మేం వెళ్ళేసరికి ప్రిన్సిపాల్ గారు మమ్మల్ని తన గదిలోకి పిలిచారు. ఈసారి కాఫీ లేదు. "ఆ ఒక్కరెవరో చెప్పండి టీచరుగారూ, చాలు. ఒక పండు కుళ్ళితే బుట్టంతా పోతుంది. వాళ్ళ నాన్నగారిని పిలిపించి టీసీ చేతిలో పెట్టేస్తాం" అన్నారు. మా వైపు ఆడపిల్లకి మధ్యలో టీసీ ఇస్తే, ఫోను కోసం కాలేజీలోంచి గెంటేశారని ఊళ్ళో పేరుపడితే, ఇంకో కాలేజీ మెట్టు ఎక్కించే తండ్రులు ఎంతమంది? ఆ పిల్ల చదువు అక్కడితో సరి. నిజం చెప్పినందుకు!

టీచరు తొణకలేదు. "ఏం రాయాలో పిల్లలకి ముందే ఎవరైనా చెప్పారా సార్?" అంది, మామూలుగా. "మేమెందుకు చెప్తామండీ? నేను చెప్పలేదు, మా లెక్చరర్లూ చెప్పలేదు, అసలు మీరొస్తారనే ఎవరికీ చెప్పలేదు" అన్నారాయన. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం అంటే ఏమిటో ఆ రోజు కళ్ళారా చూశాను. ఆయనకీ అర్థమైనట్టుంది, గొంతు మారింది. "ఆ కట్ట ఇలా ఇవ్వండి. ఏ బెంచీలో ఎవరో మాకు తెలుసు" అని చెయ్యి చాపారు.

"అలాగే సార్, ఇస్తాను" అంది టీచరు. సంచిలోంచి కట్ట తీసి, దారం ముడి విప్పింది. విప్పి, కాగితాల్ని రెండు సగాలు చేసి, పేకముక్కల్లా ఒకదాంట్లో ఒకటి దూర్చింది. చర్చికి తప్ప ఇంకెక్కడికీ వెళ్ళని మనిషి, పేకాట ఎక్కడ చూసిందో ఏమో! మళ్ళీ తీసి మళ్ళీ కలిపింది. ఫ్యాను గాలికి కొన్ని కింద పడ్డాయి. "మౌనికా, తియ్యమ్మా" అంది. నేను గబగబా ఏరి, చేతికొచ్చినట్టు మధ్యలో కుక్కాను. అప్పుడు కట్ట ఆయన బల్ల మీద పెట్టి, "ఇదిగోండి సార్, చూసుకోండి" అంది. "ఇది యూనివర్సిటీ పనండీ! మొత్తం పాడు చేశారు" అని ఆయన కేకేశారు. "పాడు చేశానండీ" అంది.

ఆయన నా వైపు తిరిగారు. "కాగితాలు తీసుకుంది మీరే కదా. మీకు తెలిసే ఉంటుంది, ఎవరు?" అన్నారు. అప్పుడు టీచరు కూడా నా వైపు తిరిగింది. కళ్ళద్దాలు పైకి తోసుకుని, నన్ను ఆ చూపు చూసింది. ఈ పిల్ల ఏం చేస్తుందో అని నిజంగానే అనుమానపడింది, నాకు తెలుసు. ఆయన కంటే ఆ చూపే నన్ను ఎక్కువ భయపెట్టింది. "నాకు తెలీదండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

రోడ్డు మీదికి వచ్చాక టీచరు ఆగింది. "నీకు తెలుసు" అంది. "తెలుసండి" అన్నాను. "నాకు సెప్పకు. ముసలిదాన్నైపోతన్నాను, ఎక్కడో వాగేస్తాను" అంది. కొంతదూరం నడిచాక, "ఇవాళ అడిగినోళ్ళకి నచ్చని జవాబు సెప్పేవే గుంటా" అని నా భుజం మీద చెయ్యి వేసింది. అంతకంటే మెచ్చుకోలు ఆవిడ దగ్గర నేనెప్పుడూ పొందలేదు. ఆ అమ్మాయి పేరు ఆవిడకి చెప్పలేదు, ఇక్కడా చెప్పను.

పాము చావలేదు గానీ కర్ర మాత్రం విరిగింది. జత కలపడానికి వరస లేదు కాబట్టి ఆ కాలేజీ కాగితాలన్నీ చెత్తకాగితాలయ్యాయి. ప్రొఫెసరుగారు మండిపడి టీచర్ని పనిలోంచి తీసేశారు. ఆవిడ ఏమీ బాధపడలేదంటే నేను నమ్మను. మర్నాడు వెళ్తే బెల్లం టీ ఇచ్చి, "నా కొలత పోయింది కదే" అంది, అటు తిరిగి. ఆ పని ఆవిడకి ప్రాణం.

కానీ ఊరుకోలేదు. సాయంత్రాలు కేరేజీ గిన్నె సంచిలో వేసుకుని బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చోవడం మొదలెట్టింది. కె.కోటపాడు, వడ్డాది వైపు బస్సుల కోసం కాలేజీ పిల్లలంతా అక్కడే నిలబడతారు. "మీ బస్సు వచ్చేదాకా ఫోను ఈ గిన్నెలో ఎవులు ఉంచగలరే?" అని పందెం వేసేది. పిల్లలకి అదో ఆట. నవ్వుతూ వేసేవాళ్ళు, గిన్నె గిరగిరమనగానే లబలబలాడుతూ తీసేసుకునేవాళ్ళు. ఆవిడ తిట్టేది కాదు, చేతుల్నే చూసేది. ఆ గుంపులోకి ఒకరోజు కిటికీ పక్క అమ్మాయి కూడా వచ్చింది. గిన్నెలో ఫోను వేసి, వెంటనే తీసేసుకుని వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ వచ్చింది. వస్తూనే ఉంది. కొన్ని రోజులు వేళ్ళు వణికేవి. కొన్ని రోజులు టీచరు చెయ్యి పట్టుకుని కూర్చునేది. ఆఖరికి ఒక సాయంత్రం బస్సు వచ్చి ఆగాక, కండక్టరు పిలుస్తుంటే, గిన్నెలో ఫోను మర్చిపోయి ఎక్కబోయింది! టీచరే పరుగెత్తుకెళ్ళి కిటికీలోంచి అందించింది. ఆ పిల్ల ఎవరో ఆవిడకి తెలియదు. తెలిసిందేమో కూడా. ఆవిడ విషయంలో నేను ఏదీ రూఢిగా చెప్పను.

టీచరు పోయి కొన్నాళ్ళయింది. ఆ పని ఇప్పుడు నేను చేస్తున్నాను. కాగితాలు బెంచీ వరసలో తీసుకోవడం మానేశాం. రెండోసారి జత కలపడానికి ఎవరికి వాళ్ళు తమకే తెలిసిన గుర్తు ఒకటి మూలన వేసుకుంటారు. మార్కులు మరీ తక్కువ వచ్చిన కట్ట కనబడితే, ఆ తెల్లబెల్లం గుర్తొచ్చి మళ్ళీ మొదట్నుంచీ చూస్తాను. ఆవిడ లేకపోవడం అప్పుడు బాగా తెలుస్తుంది. ఎదురుగా కూర్చుని ఒక్కసారి కళ్ళద్దాలు పైకి తోసుకుంటే చాలని ఏడుపొస్తుంది.

ఇవాళ పొద్దున నిన్నటి జిరాక్స్ కట్ట పట్టుకుని గోవాడ అవతల ఒక హైస్కూలుకి వెళ్ళాను. పంచిపెట్టాక రెండు జడల పిల్ల ఒకర్తి లేచింది. "మేడమ్, ఉన్నది ఉన్నట్టు రాస్తే ఎవులూ సూడరాండి?" అంది. నేను మాటివ్వలేదు. "నా మాట నమ్మకమ్మా. అందరూ రాసేక కట్ట నీకే ఇస్తాను. నువ్వే కలుపు. నీకు నమ్మకం కుదిరేదాకా కలిపి, అప్పుడు నాకియ్యి" అన్నాను. ఆ పిల్ల అలాగే చేసింది. అందరి కాగితాలూ తీసుకుని, బల్ల మీద పరిచి, చిందరవందర చేసి, దొంతర పేర్చి తెచ్చింది. నేను చెయ్యి చాపాను. ఇవ్వబోతూ ఆగి, నా మొహంలోకి పరకాయించి చూసింది. కట్ట వెనక్కి తీసుకుని, ఇంకొక్కసారి కలిపింది.